పాసు మీద చూసిన చేపలు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో వేసవి సెలవులొచ్చాయంటే పెట్టె సర్దడం తరవాతి మాట, ముందు రైల్వే ఉద్యోగులకిచ్చే ఉచిత ప్రయాణపు పాసు తీసుకోవాలి. ఎవరెవరు వెళుతున్నారు, పిల్లల వయసెంత, ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకి, అన్నీ అందులోనే ఉంటాయి. అయిదేళ్ల సర్వీసు దాటినవాళ్లకి ఏడాదికి మూడు సెట్లు. ఒకటి ఊరికి పోతుంది, అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు. ఒకటి తిరుపతి మొక్కుకి. ఇక పిల్లలకి అక్వేరియం చూపించాలంటే వీటిలోనే ఎక్కడో ఒక పూట ఇరికించాలి.

అలా ఇరికించడానికి ఈ ఊరంత వీలైన ఊరు ఇంకోటి లేదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని కూడలిగా ఎంచుకుంది. 1899లో కటక్ లైను కలిసింది, మరుసటి ఏడు రూపనారాయణ్ వంతెన మీదుగా హౌరా దారి తెరుచుకుంది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి ఉత్తరాంధ్ర జనం రైలెక్కి వచ్చిన దారి అదే. వాళ్ల పిల్లలు సెలవులకి వెనక్కి వెళ్లిన దారీ అదే.

వాల్తేరు దాటి ఇంకా ముందుకు పోతే, ఆ దారి చివర మదరాసులో 1909 అక్టోబరులో ఒక వింత తెరుచుకుంది. మెరీనా ఒడ్డున, ట్రిప్లికేన్ దగ్గర, సముద్రపు చేపల అక్వేరియం. మన దేశంలో అదే మొదటిది. ఆలోచన మదరాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్‌ది. దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేసిన థర్‌స్టనే ఈయన, ఆ పుస్తకాలూ 1909లోనే వచ్చాయి. ఒకే ఏడు మనుషుల్ని అరల్లోనూ చేపల్ని తొట్లలోనూ సర్దినవాడన్నమాట!

జీవుల్ని గాజు వెనక పెట్టి జనానికి చూపించే సరదాకి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. బ్రిటన్‌లో 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకైంది. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త, తొట్టిలో నీటిమొక్కలుంటే అవి వదిలే ప్రాణవాయువుతో చేపలు బతుకుతాయని చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ‘ఫిష్ హౌస్’ వెలిసింది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అనే మాట స్థిరపడింది. 

మదరాసు అక్వేరియం ఎక్కువ కాలం నిలవలేదు. జపాను బాంబుల భయంతో 1942లో మూతబడింది. ఉత్తుత్తి భయం కాదు, ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడనే పడ్డాయి. తొమ్మిదేళ్ల తరవాత, 1951లో, బొంబాయి మెరైన్ డ్రైవ్ మీద తారాపోర్‌వాలా అక్వేరియం తెరుచుకుంది. అదీ ఖరగ్‌పూర్ పట్టాలకి అందేదే, నాగపూర్ మీదుగా వెళ్లే బొంబాయి మెయిలుంది. కాకపోతే ఒక చేపల తొట్టి కోసం రెండు రాత్రులు రైల్లో పసివాళ్లని సముదాయించే ఓపిక ఏ తల్లికుంటుంది?

విశాఖలోని మత్స్యదర్శిని అక్వేరియం మాటైతే వేరు. ఆర్కే బీచ్ రోడ్డు మీదే ఉంది, అమ్మమ్మ గారింటికి వెళ్లినప్పుడు ఓ సాయంత్రం చాలు. 2002లో అదే రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. పిల్లల లెక్కలో రెండూ జోడీయే. ఒకచోట చేపలు పెట్టెలో ఉంటే, రెండోచోట మనుషులు ఉండేవాళ్లు.

ఖరగ్‌పూర్‌కి దగ్గరి సముద్రం మాత్రం దీఘా. 1989లో జంతు సర్వే సంస్థ వారు అక్కడ సముద్ర అక్వేరియం స్థాపించారు. చిత్రమేమిటంటే, అంత దగ్గరైనా చాలాకాలం పాసు అక్కడిదాకా పనిచేయలేదు. కటక్ లైనులో కాంటాయ్ రోడ్డు, అంటే ఇప్పటి బేల్దా, అక్కడ దిగి బస్సెక్కాల్సి వచ్చేది. తమ్లుక్ నుంచి దీఘాకి రైలు 2004లో గానీ రాలేదు. రైల్వే ఊరి జనం బస్సు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాల్సి రావడం కొంచెం నామోషీయే!

దీఘా సముద్రం బురద రంగు. ఒడ్డున నిలబడి చూస్తే చేప కాదు, మునిగిన పాదమే కనపడదు. అందుకే లోపల తేటనీళ్ల తొట్టి ముందు పసిపిల్లలు గాజుకి ముక్కు ఆనించి కదలరు. వాళ్ల ఊపిరికి గాజు మసకబారుతుంది, అరచేత్తో తుడుస్తారు, మళ్లీ మసకబారుతుంది. ఈలోగా పెద్దవాళ్లకి పేర్ల తగాదా. పిల్లలకి తెలిసింది రుయి, కాత్లా, ఇలిష్. నాయనమ్మకి అవే శీలావతి, బొచ్చె, పులస. ‘ఇది తినేదేనా?’ అన్న ప్రశ్న మాత్రం రెండు భాషల్లోనూ తప్పకుండా వస్తుంది. ఇంతకీ ఆ పులసని తొట్టిలో చూడాలనుకుంటే కష్టమే. నీళ్లలోంచి తీస్తే చాలు, నిమిషాల్లో ప్రాణం వదిలే సుకుమారి.

అక్వేరియం చూసొచ్చాక ఇంట్లో తొట్టి కావాలని పేచీ. దానికి కలకత్తా గాలిఫ్ స్ట్రీట్ ఉంది. ఆదివారం పొద్దున్నే బాగ్‌బజారు దగ్గర సాగే సంతలో రంగుచేపలు, పిట్టలు, మొక్కలు అమ్ముతారు. అక్కడ చవకగా దొరికే చారల జీబ్రా చేప ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ ఎగబాకింది గానీ, పుట్టుక ఈ చుట్టుపక్కలదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహకపు చేపల మీద 1822లో వేసిన పుస్తకంలో దాన్ని తొలిసారి వర్ణించాడు. సాయంత్రం హౌరాలో బయల్దేరే ఖరగ్‌పూర్ లోకల్లో, సగం నీళ్లు సగం గాలి నింపి రబ్బరు బ్యాండుతో బిగించిన పాలిథీన్ సంచి ఓ పిల్ల ఒళ్లో ఉంటుంది. రూపనారాయణ్ వంతెన మీద బండి దడదడలాడినప్పుడల్లా నీళ్లు ఒరుగుతాయి, చారలు చెల్లాచెదురవుతాయి. ఆ పిల్ల కిటికీలోంచి నది వైపు చూడదు.