బాట మీది మర్యాద

ఉరవకొండనుండి బళ్ళారికి పోవు మార్గములో విడపనకల్లు కలదు. వానకు ముఖము వాచిన మెట్టసీమ అది. రాత్రివేళ ఆ ప్రాంతపు బాటలపై ప్రయాణము చేసినవారు ఒక వింతను గమనించియే యుందురు. ఎదురుగా వచ్చు లారీ దీపములు రెండుమూడు మారులు ఆరి వెలుగును. ముందు పోలీసులున్నారు, నెమ్మదిగా పొమ్మని దాని యర్థము. మన డ్రైవరు వెంటనే వేగము తగ్గించును; తనిఖీ స్థలము దాటగానే మరల మునుపటి వేగమునే అందుకొనును. ముక్కుమొగము తెలియని యిద్దరి నడుమ ఇంతటి స్నేహ మెక్కడిది? దాని చరిత్ర నూరేండ్లకు పైబడినది. ఆ కథను ఈ దినమున కొంత ముచ్చటింతము.

మోటారుకారు పుట్టకముందే వేగమునకు శాసనము పుట్టినది. ఆవిరియంత్రపు బండ్లు బాటలకెక్కిన కాలమున, 1865లో, ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టము చేసెను. పల్లెపట్టుల గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించరాదు. బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడువవలెను. మన ఎద్దులబండివానికి సైతము నవ్వు పుట్టించు వేగమిది! తరువాత జెండా నియమము సడలినది. 1896 నవంబరు 14వ తేదీన పరిమితిని పెంచిన కొత్త చట్టము అమలులోనికి రాగా, మోటారు యజమానులు లండనునుండి బ్రైటనుకు ఊరేగింపుగా తరలిరి. బయలుదేరుటకు ముందు ఒక ప్రభువు ఎర్రజెండాను చించివేసెను. తమకు విముక్తి లభించినదని వారి సంబరము.

అయితే అంతకు మూడు మాసముల క్రిందటనే, ఆగస్టు 17న, లండనులో బ్రిజెట్ డ్రిస్కాల్ అను స్త్రీ కారు తగిలి మరణించెను. ఆ దేశమున మోటారుకారువలన ప్రాణము కోల్పోయిన మొదటి పాదచారి యామెయే. బ్రైటను యాత్రను స్మరించుచు నేటికిని అక్కడ పాత కార్లను నడుపుచున్నారు; ఆమెను తలచువారు మాత్రము అరుదు.

1903నాటి చట్టము గంటకు 20 మైళ్ల హద్దు విధించెను. పోలీసులు బాటప్రక్కన మాటువేసి, గడియారము పట్టుకొని కార్ల వేగమును లెక్కింపసాగిరి. దీనికి విరుగుడుగా 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ వెలసినది. దాని మనుష్యులు సైకిళ్లపై తిరుగుచు, ముందు పోలీసుల మాటున్నదని సభ్యులను హెచ్చరించుచుండిరి. పరిమితి మించి వచ్చువానికి ఇట్లు సైగ చేయుట పోలీసుల విధి కడ్డుతగులుటయే యని 1910లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతట వారొక ఉపాయము పన్నిరి. కాపలాదారు సలాము చేసినచో బాట నిశ్చింత, చేయకున్నచో జాగ్రత్తపడవలెను. సలాము చేయలేదను నేరమునకు ఏ న్యాయమూర్తి శిక్ష విధింపగలడు? ఆ సలామునకు తమ్ముడే నేటి మన లారీదీపము.

మన దేశమంతటికి వర్తించు మోటారు చట్టము 1914లో వచ్చినది. 1939నాటి చట్టము వేగపరిమితులను, బండి ఎడమప్రక్కగా నడుపవలెనను నియమమును తన అనుబంధములలో చేర్చెను. దాని స్థానమున 1988నాటి చట్టము నిలిచి, 1989 జూలై 1నుండి అమలగుచున్నది. వేగము మించినవారికి మొదటి తప్పునకు 400 రూపాయలవరకుండిన జరిమానా, 2019 సవరణతో చిన్న వాహనములకు 1000నుండి 2000 వరకు, భారీ వాహనములకు 2000నుండి 4000 వరకు పెరిగినది. జరిమానా పెరిగినను దీపముల స్నేహము మారలేదు.

డ్రైవరును మాత్రమే నిందించుట న్యాయము కాదు. సరకు వేళకు చేరకున్న యజమానిచే మాటపడువాడతడే. నాలుగు వరుసల రహదారిపై అతడు కుడివరుసను విడువడని మనము విసుగుకొందుము. దాటిపోవువారికే కుడివరుస యని నియమమున్న మాట నిజము. కాని ఎడమ అంచున ఏమున్నదో చూడుడు: ఆగిన లారీలు, సైకిళ్లు, గొర్రెలమందలు, రైతు ఆరబోసిన ధాన్యము. వానికి వెరచి అతడు కుడికి జరుగును. వెనుకనున్నవాడు ఓపికలేక ఎడమనుండి దాటును. ఒక తప్పు మరియొక తప్పునకు దారి తీయును. రెండే వరుసలున్న బాటపై దాటుట యనగా ఎదుటివాని భాగములోనికి చొచ్చుటయే.

2022 ఫిబ్రవరిలో ఉరవకొండ సమీపమున బూదగవివద్ద, బళ్ళారిలో పెండ్లి చూచుకొని తిరిగి వచ్చుచున్నవారి కారును లారీ ఎదురెదురుగా ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. ఆ యేడు దేశమున బాటలపై పోయిన ప్రాణములు 1,68,491. అందు నూటికి డెబ్బదికి పైగా అతివేగము క్రింద లెక్కకు వచ్చినవి.

ఈ వేగమువలన లాభమెంత? 30 కిలోమీటర్ల దూరమును గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోయిన అరగంట పట్టును. 80 చొప్పున పోయిన ఇరువదిరెండున్నర నిమిషములు. మిగిలినది ఏడున్నర నిమిషములు. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకండుకు 22 మీటర్లు సాగును. పాదము బ్రేకును తాకుటకు ముందే అంత దూరము గడచిపోవును.

1876-78 నాటి మహాక్షామమున అనంతపురము ఇంకను బళ్ళారి జిల్లాలోనిదే. నాటి కరవుపనులలో రాళ్లు కొట్టుట, బాటలు వేయుట ముఖ్యమైనవి. కూలికై, ఆకటికై వచ్చిన పాదచారుల చెమటతో ఈ సీమలో బాటలు సాగినవి. చట్టము డ్రైవరునకును పోలీసునకును నడుమ జరుగు దాగుడుమూతల ఆట యని మనమనుకొనుచున్నాము. ఆ యిద్దరికిని కానరాని మూడవవాడొకడు బాట అంచున నడచుచున్నాడు. శాసనము పుట్టినది వానికొరకే.

దీపముల స్నేహము మంచిదే. దానిని విడువ నక్కరలేదు. ముందు పోలీసులున్నారని తెలుపు ఆ వెలుగే, ముందు గొర్రెలమంద వచ్చుచున్నదని, ధాన్యముప్రక్కన రైతు నిద్రించుచున్నాడని తెలుపుటకును పనికివచ్చును. అట్టి సైగకు వేగము తగ్గించిన డ్రైవరు, బాట మీది మర్యాద తెలిసినవాడని మేమందుము.