కోలారు కొండల అడవిపూలు

కోలారు జిల్లాలోని మాలూరు తాలూకా చాలావరకు మైదానమే, పైగా నీలగిరి తోపులెక్కువ. కొండపూలు చూడాలంటే కోలారు పట్టణం పక్కనున్న అంతరగంగె (శతశృంగ) కొండలకో, ముళబాగిలు తాలూకా ఆవని కొండకో వెళ్లాలి. ఇవి గ్రానైట్ గుట్టలు. బండల సందుల్లో మన్ను తక్కువ, అందుకే పూత వాన మీదే ఆధారపడుతుంది.

చూడదగ్గ కాలం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. గడ్డిలో నీలి విష్ణుక్రాంతం, బీళ్లలో గునుగు, దారి పొడవునా తంగేడు. బతుకమ్మలో పేర్చే గునుగు, తంగేడు ఇవే. పొదలకు అల్లుకునే అడవినాభి పూరేకులు పసుపుగా విచ్చి ఎర్రబడతాయి. దాని దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, ముట్టకపోవడం మేలు.

ఎండాకాలపు పూత చెట్లది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చిన మోదుగ, కొండగోగు. ఏప్రిల్, మేల్లో రేల. వాన వెనకబడితే గడ్డిపూలు ఆలస్యమవుతాయి, ఈ చెట్లు మాత్రం పెద్దగా తప్పవు.

పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి కోసం ఇక్కడ వెతకడం వృథా. దానికి పడమటి కనుమల ఎత్తు కావాలి. 2022లో చిక్కమగళూరు కొండల్లో విరగబూసింది.