డగ్ కామెరాన్: ఇళ్లు, వృత్తి శిక్షణ

డగ్ కామెరాన్ (జననం 1951) ఆస్ట్రేలియా లేబర్ పార్టీ నాయకుడు. 2008 జులై నుంచి 2019 జూన్ దాకా న్యూ సౌత్ వేల్స్ తరఫున ఫెడరల్ సెనేటర్. స్కాట్లాండ్‌లోని బెల్స్‌హిల్‌లో పుట్టి, 1973లో వలస వెళ్లి, ఫిట్టర్‌గా పనిచేస్తూ తయారీరంగ కార్మిక సంఘం జాతీయ కార్యదర్శి స్థాయికి ఎదిగారు. 2016 ఎన్నికల తర్వాత ప్రతిపక్షంలో ఉన్న పార్టీ ఆయనకు గృహవసతి, నిరాశ్రయుల సమస్యతో పాటు నైపుణ్యాలు, అప్రెంటిస్‌షిప్‌ల బాధ్యతను కూడా అప్పగించింది. పైకి పొంతన లేనట్టున్నా ఈ రెండూ విడదీయరానివి. ఇల్లు లేవాలంటే తాపీమేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కావాలి. వాళ్లు తయారు కావాలంటే టేఫ్‌లు, అంటే మన ఐటీఐ, పాలిటెక్నిక్‌లను పోలిన ప్రభుత్వ శిక్షణ సంస్థలు నిలబడాలి.

శిక్షణను ప్రైవేటు కళాశాలలకు వదిలేస్తే ఏమవుతుందో వెట్ ఫీ-హెల్ప్ అనే ప్రభుత్వ రుణ పథకం చూపింది. 2009లో సుమారు 2.6 కోట్ల డాలర్లున్న రుణాలు 2015 నాటికి 290 కోట్లకు చేరాయి. దళారులు ప్రభుత్వ గృహ సముదాయాల్లో తలుపులు తట్టి, ఉచిత లాప్‌టాప్ ఆశచూపి, పూర్తిచేయలేని డిప్లొమాలకు సంతకాలు పెట్టించుకున్నారు. సొంతిల్లు లేనివాళ్ల నెత్తినే చదువుల అప్పు కూడా పడింది! 2016 చివర పథకం మూతపడింది. అయితే 2012లో దాని నిబంధనలు సడలించింది లేబర్ ప్రభుత్వమే కదా అన్నది గట్టి ఆక్షేపణే. పార్టీ ఆ తప్పు నుంచి తప్పించుకోలేదు. కానీ ఆ అనుభవం ప్రభుత్వ సంస్థలకే పెద్దపీట వేయాలన్న వాదనకు బలమిచ్చిందే తప్ప తగ్గించలేదు. లక్ష మందికి ఫీజు లేని టేఫ్ సీట్లు, శిక్షణ నిధుల్లో మూడింట రెండు వంతులు టేఫ్‌లకు, ఫెడరల్ నిర్మాణ పనుల్లో పదింట ఒక ఉద్యోగం అప్రెంటిస్‌కు అన్న హామీలు ఆ ఆలోచనలోంచి వచ్చినవే.

2018 డిసెంబరులో పార్టీ ప్రకటించిన గృహ పథకం లెక్క సూటిగా ఉంది: మార్కెట్ కన్నా 20 శాతం తక్కువ అద్దెకిచ్చే కొత్త ఇంటికి 15 ఏళ్లపాటు ఏటా 8,500 డాలర్ల రాయితీ, పదేళ్లలో రెండున్నర లక్షల ఇళ్లు. దీనికి తోడు, అద్దె ఇంటిపై వచ్చే నష్టాన్ని జీతంపై పన్నులో తగ్గించుకునే వెసులుబాటుకు కోత వేస్తామన్నారు. మంత్రి కూడా కాని మనిషి కృషికి విలువేమిటని అడగవచ్చు. 2019 మేలో పార్టీ ఓడింది; ఆయన అసలు పోటీ చేయలేదు. అయినా 2023లో అదే పార్టీ ప్రభుత్వం 1.8 లక్షల ఉచిత టేఫ్ సీట్లు ఇచ్చింది. 1,000 కోట్ల డాలర్ల గృహ నిధితో 30 వేల ఇళ్లకు చట్టం చేసింది. ఇదంతా కామెరాన్ ఘనతేననడం అతి. పథకం రూపం మారింది, లక్ష్యం చిన్నదయింది. శిక్షణ హామీ నిలిచింది. పన్ను వెసులుబాటుకు కోత వేస్తామన్న హామీని మాత్రం పార్టీ 2022 ఎన్నికలకు ముందే వదులుకుంది.