గ్రామ్యం నుంచి మాండలికం దాకా: పల్లె, పట్నం పెంపకాల భేదం - తెలుగు సాహిత్యచరిత్ర సాక్ష్యం

వ్యాససంగ్రహం:
పల్లెలో పెరిగినవారికీ పట్నంలో పెరిగినవారికీ మధ్య ఉన్న భేదాన్ని తెలుగు సమాజం ఏయే మాటలతో గుర్తించింది, ఆ మాటలు మనుషుల విలువను నిర్ణయించే కొలమానాలుగా ఎలా మారాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'గ్రామ్యం' అన్న మాట ప్రధానంగా మనిషి పెరిగిన చోటును సూచించలేదనీ, అతడు పొందిన శిక్షణనూ, ఆ శిక్షణను అందుబాటులో ఉంచిన కుల, అధికార స్థానాన్నీ సూచించిందనీ ప్రతిపాదిస్తుంది. ఇందుకు కావ్యాలు, వ్యాకరణం, కన్యాశుల్కం నాటకం, వ్యావహారిక భాషోద్యమం, తెలంగాణ భాషాచైతన్యం, వృత్తి పదకోశాలు ఆధారాలు.

కీలకపదాలు: పౌరజానపదులు, నాగరకుడు, గ్రామ్యం, అగ్రహారం, శిష్టవ్యావహారికం, మాండలికం, ఊరు-వాడ.

1. ప్రవేశిక

'పట్నం' అన్న మాట తెలుగువారందరికీ ఒకే ఊరిని సూచించలేదు. నెల్లూరు, రాయలసీమ ప్రాంతాల పల్లెల్లో పట్నం పోవడమంటే చెన్నపట్నం పోవడం. తెలంగాణ పల్లెల్లో అది హైదరాబాదు పోవడం. ఈ రెండు నగరాలకూ ఒక పోలిక ఉంది. వలసపాలన కాలంలో ఈ రెండింటిలోనూ అధికార భాష తెలుగు కాదు. ఒకచోట ఇంగ్లీషు పెత్తనం, వీధిలో తమిళం, మరొకచోట ఉర్దూ. రాజమహేంద్రవరం, బందరు, విజయనగరం వంటి తెలుగు పట్టణాలు వీటితో పోలిస్తే చిన్నవి. 1901 జనగణన నాటికి దేశం మొత్తంమీద పట్టణవాసులు నూటికి దాదాపు 11 మంది మాత్రమే. కాబట్టి ఆనాటి తెలుగు విద్యావంతుల్లో నగరంలోనే పుట్టి పెరిగినవారు కొద్దిమంది. ఎక్కువమంది పల్లెలో పుట్టి, చదువు కోసం పట్టణం చేరినవారు.

ఈ వాస్తవాన్ని గుర్తుంచుకుంటే ఒక ప్రశ్న తలెత్తుతుంది. నగరంలో పెరిగినవారు అంత తక్కువగా ఉన్న సమాజంలో 'పల్లెటూరి బైతు', 'మోటు', 'అనాగరికుడు' వంటి మాటలకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? ఆక్షేపణ ఒకవైపు నుంచే సాగలేదన్నది నిజం. బియ్యం చెట్టుకు కాస్తాయనుకునే పట్నపు పిల్లవాణ్ణి గురించి పల్లె కూడా నవ్వుకుంది. అయితే పల్లె నవ్వు రచ్చబండ దగ్గరే ఆగిపోయింది. పట్నపు నవ్వు వ్యాకరణమై, పరీక్షాపత్రమై, ఉద్యోగార్హతగా మారింది. ఈ అసమానతకు చారిత్రక మూలాలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు ప్రాచీన జంటపదాలు

సంస్కృత వాఙ్మయం నుంచి తెలుగుకు రెండు జంటపదాలు సంక్రమించాయి. మొదటిది 'పౌరజానపదులు'. పురంలో ఉండేవారు పౌరులు, జనపదంలో ఉండేవారు జానపదులు. రామాయణం అయోధ్యాకాండలో రాముని పట్టాభిషేక ప్రస్తావన వచ్చినప్పుడు దశరథుడు సమావేశపరచిన సభలో వీరిద్దరూ ఉన్నారు. ఈ జంటలో ఒకరు ఎక్కువ, మరొకరు తక్కువ అన్న భావం లేదు. ఇద్దరూ రాజ్యానికి అంగాలు.

రెండవ జంట 'నాగరక-గ్రామ్య'. వాత్స్యాయనుని కామసూత్రాలు నాగరకుని దినచర్యకు ఒక ప్రకరణాన్నే కేటాయించాయి. స్నానం, అలంకరణ, గోష్ఠులు, కళావినోదాలు అందులో భాగం. గ్రామంలో నివసించేవాడు తనవారికి నాగరకుల నడవడిని వర్ణించి, వారిలో ఆసక్తి కలిగించి, దాన్ని అనుకరించాలని అక్కడే సూచన ఉంది. అంటే నగరం నివాసస్థానంగా మాత్రమే మిగలక, అనుకరించదగిన ఆదర్శమైంది. ఆలంకారికులు ఈ భావాన్ని కావ్యభాషకు వర్తింపజేసి, గ్రామ్యత్వాన్ని దోషాల్లో చేర్చారు.

తెలుగు వ్యాకరణం ఈ రెండవ జంటనే స్వీకరించింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి గ్రామ్యాన్ని లక్షణ విరుద్ధమైన భాషగా నిర్వచించాడు. ఈ నిర్వచనంలో గ్రామం ప్రసక్తి లేదు. చెన్నపట్నంలో పుట్టి పెరిగిన పండితుడు ఇంట్లో మాట్లాడే భాష కూడా దీని ప్రకారం గ్రామ్యమే అవుతుంది. దోషం వ్యాకరణానికి సంబంధించినది. పేరు మాత్రం పల్లెది. పల్లెతో నిమిత్తం లేని తప్పులు కూడా ఈ విధంగా పల్లె ఖాతాలో చేరాయి.

3. కావ్యాల్లో నగరం, పల్లె

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం తెలుగులో నగరజీవితాన్ని చిత్రించిన అరుదైన కృతి. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే అందులో ఇతివృత్తం. పూటకూళ్ల ఇల్లు, కోడిపందెం, వేశ్యవాటిక వరుసగా కనిపిస్తాయి. రూక చెల్లించి అపరిచితుల ఇంట భోజనం చేయగలగడం నగర లక్షణం. బంధుత్వం, కులం, ఊరిపేరు అడిగి అన్నం పెట్టే పల్లె ఆతిథ్యానికి ఇది భిన్నం. నగరంలో పెరిగినవారికి, పల్లెలో పెరిగినవారికి మధ్య నిజంగా ఉన్న భేదాల్లో ఇది ముఖ్యమైనది. ఒకరు ముఖపరిచయం లేనివారితో వ్యవహరించడం నేర్చుకుంటారు. మరొకరు అందరికీ అందరూ తెలిసిన చోట మాట నిలుపుకోవడం నేర్చుకుంటారు.

శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్న పలనాటి చాటువుల్లో మరొక దృష్టి కనిపిస్తుంది. సన్నబియ్యానికి అలవాటుపడిన ఆస్థానకవి జొన్నకూటిని చూసి పరిహసిస్తాడు. ఇక్కడ ఆక్షేపణకు గురైంది మెట్టభూమి. మాగాణి తిండి నాగరికం, మెట్టతిండి మోటు అన్న వర్గీకరణకు ఇది పాత ఉదాహరణ. దీనికి భిన్నంగా ఆముక్తమాల్యదలోని వర్షఋతు వర్ణనలో రాజకవి పల్లె ఇళ్లలో వానకాలపు ఇబ్బందులను, పనులను దగ్గరగా చూసి రాశాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు క్రీడాభిరామం, ఆముక్తమాల్యద రెండూ ముఖ్యాధారాలు కావడం గమనించదగినది. వీథినీ, వాకిలినీ ఒకే చరిత్రలో చేర్చిన రచన అది.

4. అగ్రహారం ఏ కోవకు చెందుతుంది?

నాగరక-గ్రామ్య విభజనకు అగ్రహారం పెద్ద చిక్కు. భౌగోళికంగా అది పల్లె. అక్కడి పండితుడు పొలం గట్ల మధ్యనే పెరిగాడు. అయినా శాస్త్రపాండిత్యం వల్ల అతణ్ణి గ్రామ్యుడని ఎవరూ అనలేదు. పక్క వీధిలో నాగలి పట్టిన రైతు మాత్రం గ్రామ్యుడయ్యాడు. ఒకే ఊరిలో పెరిగిన ఇద్దరి విషయంలో ఒకే మాట వర్తించకపోవడమే ఆ మాట స్థలవాచకం కాదనడానికి ప్రబలమైన సాక్ష్యం.

ఇంగ్లీషు చదువు వచ్చాక అగ్రహారం కూడా పల్లె అయింది. ఈ మార్పును కన్యాశుల్కం నమోదు చేసింది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృతరూపం పొందిన ఈ నాటకంలో గిరీశం విజయనగరం నుంచి వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. వెంకమ్మ కోరిక మీద గురుశిష్యులు ఇంగ్లీషులో సంభాషిస్తారు. వారు అప్పజెప్పే పాఠపు ముక్కలకు అర్థం లేకపోయినా విన్నవారికి అది విద్యగానే తోస్తుంది. వేదం తెలిసిన అగ్నిహోత్రావధాన్లు కొడుకు చదువును పరీక్షించలేని స్థితికి చేరాడు. అంతకుముందు సంస్కృతం తెలియని రైతు ఏ స్థానంలో ఉన్నాడో, ఇప్పుడు ఇంగ్లీషు తెలియని అవధాని ఆ స్థానంలో ఉన్నాడు.

గురజాడ ఈ భేదాన్ని నీతిభేదంగా మార్చలేదు. పట్నపు గిరీశం ఎంత మోసగాడో, రామచంద్రపురం అగ్రహారంలోని రామప్పపంతులు అంతే మోసగాడు. అగ్నిహోత్రావధాన్లు కోర్టు వ్యాజ్యాల్లో తలమునకలైనవాడు. పల్లెవాడు కనుక అమాయకుడన్న భావనకు అతడు లొంగడు. పల్లె స్వచ్ఛమైనదనీ, పట్నం చెడ్డదనీ, లేదా పల్లె అజ్ఞానమనీ, పట్నం వివేకమనీ చెప్పే రెండు సులభసూత్రాలనూ ఈ నాటకం తిరస్కరించింది.

5. శిష్టవ్యావహారికం గీసిన గీత

1911లో మదరాసులో ఆంధ్రసాహిత్య పరిషత్తు ఏర్పడింది. పాఠశాలల్లో ఏ తెలుగు రాయాలన్న వివాదం ఆ తర్వాతి కొద్దికాలంలోనే తీవ్రమైంది. గ్రాంథికవాదుల పక్షాన జయంతి రామయ్య, వ్యావహారికవాదుల పక్షాన గిడుగు వేంకట రామమూర్తి నిలిచారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. వాడుకభాషను గ్రాంథికవాదులు గ్రామ్యమన్నారు. అది ప్రాంతానికొక తీరుగా ఉంటుందనీ, దాన్ని అనుమతిస్తే భాష ఐక్యత చెడుతుందనీ వాదించారు.

గిడుగు వాదం చారిత్రకంగా విముక్తిదాయకం. జీవద్భాషను తప్పుల కుప్పగా చూడరాదని ఆయన ఆధారాలతో నిరూపించాడు. సవరల భాషను నేర్చి, దానికి నిఘంటువు, వ్యాకరణం సమకూర్చిన పండితుడాయన. అయితే గ్రామ్యమన్న ఆరోపణకు ఉద్యమం ఇచ్చిన సమాధానం 'శిష్టవ్యావహారికం'. వాడుకభాషల్లో శిష్టుల వాడుక ప్రమాణమన్నది దాని సారాంశం. దీనితో గీత చెరిగిపోలేదు, కొంత కిందికి జరిగింది. ఆనాటి చదువుకున్న కుటుంబాల భాష, ముఖ్యంగా మధ్యకోస్తా ప్రాంతపు భాష, గీతకు పైన చేరింది. మిగిలిన ప్రాంతాల, కులాల, వృత్తుల భాష కిందనే మిగిలింది. పాఠ్యపుస్తకం, పత్రిక, ఆకాశవాణి ఈ ప్రమాణాన్ని వ్యాప్తి చేశాయి. ఇతర మాండలికాలు చలనచిత్రాల్లో తరచుగా హాస్యపాత్రలకో, సేవకపాత్రలకో పరిమితమయ్యాయి.

6. హైదరాబాదులో తెలుగు

తెలంగాణలో పరిస్థితి మరింత క్లిష్టమైనది. పల్లెలో పెరిగిన తెలుగువాడు హైదరాబాదు చేరితే యాసతో పాటు భాషనే మార్చుకోవలసి వచ్చేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం ఆంధ్రజనసంఘం ఏర్పాటుకు దారితీసింది. ఆ నగరంలో ఒక యాస గాని, ఒక మాట గాని కాక తెలుగు యావత్తూ గ్రామ్యస్థానంలో నిలిచింది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సురవరం 1934లో 'గోలకొండ కవుల సంచిక'తో సమాధానమిచ్చాడు.

రాష్ట్రావతరణ తర్వాత అదే ప్రాంతం మరొక ప్రమాణాన్ని ఎదుర్కొంది. రెండున్నర జిల్లాల భాష అందరి భాషగా చలామణి కావడాన్ని కాళోజీ నారాయణరావు ప్రశ్నించాడు. పాలమూరు పల్లె నుంచి వచ్చి విశ్వవిద్యాలయాచార్యురాలైన పాకాల యశోదారెడ్డి 'మావూరి ముచ్చట్లు' కథలను తన ఊరి పలుకుబడిలోనే రాసింది. పెరిగిన చోటును దాచుకోవడమే విద్యకు గుర్తు అన్న అలిఖిత నియమాన్ని ఆమె రచన ఉల్లంఘించింది.

7. ఊరు, వాడ

పల్లెలో పెరిగినవారందరినీ ఒకే వర్గంగా భావించడం మరొక పొరపాటు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' శీర్షికే పల్లెలో మరొక పల్లె ఉందని చెబుతుంది. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథలో నీళ్లే ఊరినీ వాడనూ విడదీస్తాయి. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయంగా అభివర్ణించాడు. ఆ మాట నాగరకుని చులకనభావం నుంచి వచ్చినది కాదు. అది వెలివేత అనుభవించినవారి తీర్పు. అందరూ అందరినీ ఎరిగి ఉండటం ఊరివారికి భరోసా. వాడలో పెరిగినవారికి అదే నిఘా. పూటకూళ్ల ఇంట రూక తప్ప మరేమీ అడగని నగరం వారికి ఊపిరి. అయితే అద్దె ఇంటి కోసం వెదికేటప్పుడు నగరం కూడా కులం అడుగుతుందన్నది తర్వాతి అనుభవం.

8. పల్లె ఎరుకకు పదకోశం

పల్లెపెంపకం ఇచ్చే జ్ఞానాన్ని దోషంగా గాక విద్యగా గుర్తించిన కృషి స్వాతంత్ర్యానంతరం మొదలైంది. బిరుదురాజు రామరాజు పరిశోధన జానపద గేయాలకు విశ్వవిద్యాలయంలో స్థానం కల్పించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయానికి సంబంధించినది. రాయలసీమ రైతు మడక అన్నదాన్ని మరొకచోట నాగలి అంటారు. ఇటువంటి భేదాలను ఆ కోశం ఒప్పు-తప్పులుగా విడదీయకుండా, ప్రాంతాల వారీగా పక్కపక్కన నిలిపింది. రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెల లెక్కతో విత్తనం వేళ నిర్ణయించే రైతుకూ, గడియారం లెక్కతో పనిచేసే ఉద్యోగికీ కాలం ఒకటే అయినా కొలత వేరు. ఒక కొలత తెలిసినవారు రెండవది తెలియనివారి కంటే అధికులు కారు. 'గ్రామ్యం' స్థానంలో 'మాండలికం' అన్న మాట స్థిరపడటం ఈ దృష్టిమార్పుకు గుర్తు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, నగరంలో పెరగడానికీ, పల్లెలో పెరగడానికీ మధ్య భేదం వాస్తవం. అది పరిచయాల తీరులో, కాలాన్ని కొలిచే పద్ధతిలో, పదసంపదలో ఉంది. రెండవది, ఆ భేదాన్ని ఎక్కువతక్కువలుగా మార్చినది భౌగోళికత కాదు. సంస్కృతం, ఇంగ్లీషు, ఉర్దూ, శిష్టవ్యావహారికం వేర్వేరు సందర్భాల్లో ఆ పని చేశాయి. ప్రమాణం మారిన ప్రతిసారీ గ్రామ్యులు కూడా మారారు. మూడవది, ఊరు-వాడ విభజనను పక్కనపెట్టి పల్లె-పట్నం భేదాన్ని వివరించడం సాధ్యం కాదు.

2011 జనగణన నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరు గ్రామవాసులే. వారి పిల్లలు నేడు కళాశాల తరగతి గదుల్లో ఉన్నారు. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం, కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9న తెలంగాణ భాషాదినోత్సవం జరుపుకుంటున్నాం. ఒకరు గీతను కిందికి జరిపారు, మరొకరు గీతనే ప్రశ్నించారు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి తన ఇంటిమాటతో సమాధానం రాసినప్పుడు, దానిని ఎర్రసిరాతో కొట్టివేయడమా, పదకోశంలో వెదకడమా అన్నది ఆ రెండు ఉత్సవాల మధ్య అధ్యాపకుని ముందున్న ప్రశ్న.