ఈ వారం మాట: నీళ్లు

ఆదివారం సాయంత్రం నాలుగున్నర. రాజమహేంద్రవరం దానవాయిపేటలో ఒక మేడమీది హాలు. చాప మీద తెల్లదుప్పటి పరిచి ఉంది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా తుడుచుకుని వచ్చి కూర్చోండి. ఇక్కడ ఫొటోని అంచులు పట్టుకునే అందుకోవాలి.

వారానికో మాట, మనిషికో ఫొటో. అదీ సొంత ఇంట్లోదే అయ్యుండాలి. తెచ్చినవాళ్లు ముందు నోరు విప్పకూడదు; అందరి చేతులూ తిరిగొచ్చాకే చెప్పాలి. ఊరికే పాత ఫొటోలు తెమ్మంటే పెళ్లి ఆల్బమ్‌లు వస్తాయి. మాట ఇచ్చి చూడండి, ట్రంకుపెట్టె అడుగున పడున్నవి పైకొస్తాయి.

పోయినవారం మాట గుమ్మం. ఈ వారం నీళ్లు.

గోదావరి ఒడ్డున నీళ్లంటే ముందు పుష్కరాలే. 1991 పుష్కరాల ఫొటో చేతికొచ్చింది, చూడండి: ఎర్రబారిపోయింది. రంగు కాగితంలో నీలం ముందు వెలిసిపోతే మిగిలేది ఎరుపే కదా. నదంతా టీ రంగులో ఉంది. తర్వాతిది పాత హేవలాక్ వంతెన మీద, 1997లో అక్కడ రైళ్లు ఆగిపోకముందు తీసింది. కిటికీ ఊచల్లోంచి బయటికి చాచిన ఒక చెయ్యి. చిల్లర అప్పుడే వేళ్లు దాటింది. మనిషి కనపడదు, గాజులు కనపడతాయి. దీన్ని వదలబుద్ధి కాదు, అయినా పక్కవాళ్లకి ఇవ్వాలి.

ఇప్పుడు బటర్ పేపర్ మడతలోంచి ఒక నలుపు తెలుపు బొమ్మ వస్తోంది. నలుచదరం, అరచేతిలో ఇమిడేంత. అగ్ఫా క్లిక్‌తో తీసింది. రీలుకి పన్నెండే బొమ్మలు వచ్చే కెమెరా. వెనక పెన్సిల్‌తో 'ఆగస్టు 86' అని ఉంది. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి ఎక్కింది. ఈ హాల్లో పెద్దవాళ్లకి ఆ అంకె నోటికొచ్చు.

డాబా మీద పదిమందికి పైగా జనం. పిట్టగోడకి కట్టేసిన దూడ. కిరసనాయిలు స్టవ్ మీద గుండిగ, దాని ముందు గొంతుక్కూర్చున్న ఆడమనిషి. వెనకంతా నీళ్లు. కొబ్బరిచెట్లు మొక్కల్లా పొట్టిగా కనిపిస్తున్నాయి, మొదళ్లు మునిగి తలలే పైనున్నాయి మరి. ఫొటో చుట్టూ తిరిగినంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

తెచ్చినావిడకి అరవై దాటుంటాయి. కోనసీమ లంకల మనిషి. పోయినవారం ఖాళీ చేతుల్తో వచ్చి, గుమ్మం ఫొటో మా ఇంట్లో లేదండీ అని వెనక్కి జరిగి కూర్చున్నావిడ.

"ఈ డాబా మాది కాదండీ, కరణంగారిది. స్టవ్ దగ్గరున్నది మా అమ్మ. మాది పెంకుటిల్లు."

"ఫొటోలో లేదాండీ?"

"ఉందండీ."

భూతద్దం అడిగి తీసుకుంది. కొస అరగదీసిన అగ్గిపుల్ల కాగితానికి తగలకుండా గాల్లోనే నిలిపి చూపిస్తోంది. మీరూ వంగండి. రెండు కొబ్బరితలల మధ్య నీటి మీద సన్నటి నల్ల గీత. ఇందాక నాకు తేలుతున్న దుంగలా కనిపించింది. అవి కొప్పు పెంకులు.

"మట్టిగోడలు కదండీ, నానిపోయాయి. నీరు తీశాక అరుగు ఒక్కటే మిగిలింది. ఉన్నన్నాళ్లూ ఇంటికి ఫొటో తీయించుకోవాలని ఎవరికి తోస్తుందండీ? ఇదొక్కటే ఉంది."

అగ్గిపుల్ల గీత కింద మెల్లగా దిగింది, ఉత్త నీటి మీదకి. "ఇది పంచ. ఇక్కడ రోలు. ఇదిగో, ఇక్కడ గుమ్మం. శుక్రవారం శుక్రవారం పసుపు రాసేవాళ్లం."

పుల్ల అక్కడే ఆగింది. పక్కనున్న మాష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

డిగ్రీ చదివే కుర్రాడు ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఫ్లాష్ ఆపేసి, తన నీడ పడకుండా పక్కకి ఒరిగి, ఫోన్‌తో తీశాడు. ఏ వారానికి ఆ వారం విడిగా దాస్తాడతను. నీళ్లలోకి చేర్చబోయి ఆగి, ఆవిడ వంక చూశాడు.

"ఏ వారంలో పెట్టనండీ?"

ఆవిడ భూతద్దం దుప్పటి మీద పెట్టింది.

"గుమ్మంలో పెట్టు బాబూ."