కంప్యూటర్ చరిత్రలో ఆదివాసుల చేతులు

 

పర్సనల్ కంప్యూటర్ చరిత్ర అనంగనే బిల్ గేట్స్, స్టీవ్ జాబ్స్ పేర్లే వస్తయి. మనం పరీక్షలకు చదివే పుస్తకాల్లో కూడా అవే. పేరు రాని ఆదివాసులు ఆ చరిత్రలో ఉన్నరు. వాళ్ల గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నం.

అమెరికాలోని న్యూమెక్సికోలో షిప్‌రాక్ అనే ఊరుంది. అది నవాహో ఆదివాసుల ప్రాంతం. ఫెయిర్‌చైల్డ్ అనే చిప్‌ల కంపెనీ 1965లో అక్కడ పని మొదలుపెట్టింది. తర్వాత ఇంటెల్ పెట్టిన రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ 1968 దాకా ఈ కంపెనీలోనే ఉండిన్రు. కొన్నేళ్లకే షిప్‌రాక్‌లో దాదాపు వెయ్యి మంది నవాహోలు పనిచేసిన్రు. వాళ్లలో ఎక్కువ మంది ఆడోళ్లే. మైక్రోస్కోపులో చూసుకుంట సన్నటి చిప్‌లు తయారుచేసేటోళ్లు. 1969లో కంపెనీ వేసిన ఒక పుస్తకంలో నవాహో కంబళి అల్లికను, చిప్ గీతలను పోల్చి చూపింది. అల్లికను పొగిడిన్రు గానీ, జీతాలు మాత్రం తక్కువే. 1975లో కొందరిని పనిలోంచి తీసేస్తే ఆదివాసీ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించిన్రు. కంపెనీ మూసుకొని పోయింది. ఆల్టెయిర్ అనే పర్సనల్ కంప్యూటర్ మార్కెట్లకు వచ్చింది కూడా ఆ ఏడాదే. దాని కథల నాయిస్, మూర్ పేర్లు ఉంటయి, షిప్‌రాక్ ఆడోళ్ల పేర్లు ఉండవు.

ఇగ మన జిల్లాకొద్దాం. నార్నూర్ మండలం గుంజాల ఊరి పెద్దలు గోండి లిపిలో ఉన్న చేతిరాత పుస్తకాలను తరతరాలుగా దాచిపెట్టిన్రు. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు వాటిని లోకానికి చూపించిన్రు. కంప్యూటర్‌కు అక్షరం తెల్వదు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతే యూనికోడ్. నంబరు లేని అక్షరాన్ని ఫొటో తీసి పంపుకోవాల్సిందే, టైపు చేయలేం, వెతకలేం. 2017లో మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో తయారుచేసిన గోండి లిపి యూనికోడ్‌లకు ఎక్కింది. 2018 జూన్‌లో గుంజాల లిపి 63 గుర్తులతో ఎక్కింది.

గుంజాల పెద్దలు ఎన్నడూ కంప్యూటర్ ముందు కూర్చోకపోవచ్చు. అయినా వాళ్లు ఆ కట్టలు దాచకపోతే ఆ 63 నంబర్లు పుట్టేవే కావు. కంప్యూటర్‌కు గోండి నేర్పిన మొదటోళ్లు వాళ్లే అని మేమంటం.

షిప్‌రాక్ ఆడోళ్లకు జరిగింది మన పెద్దలకు జరగొద్దు. అందుకే ఒక పని చేద్దాం. ఊర్లల్ల పాత పుస్తకాలు దాచినోళ్లు, చదవడం వచ్చినోళ్లు ఎవరున్నా, వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పేరు, ఊరు, చెప్పిన మాట రాసిపెట్టుకుందాం. గోండి అయినా, కోలామి అయినా. ఆ పెద్దలు ఉండంగనే రాసుకుందాం.