యాంటీసెమిటిజం: యూదులు దాన్ని ఎలా చూస్తారు?

యూదులను యూదులైనందుకే ద్వేషించడాన్ని యాంటీసెమిటిజం అంటారు. ద్వేషం చాలా పాతది. ఈ మాట మాత్రం 1879లో జర్మనీలో విల్‌హెల్మ్ మార్ అనే పాత్రికేయుడి వల్ల ప్రచారంలోకి వచ్చింది. అతను దాన్ని తిట్టుగా వాడలేదు, తన రాజకీయానికి గర్వంగా పెట్టుకున్న పేరది.

మామూలుగా ద్వేషించేవాడు ఎదుటివాణ్ణి తనకంటే తక్కువగా చూస్తాడు. యూదుల విషయంలో అది చాలదని యూదు మేధావులు చాలామంది చెబుతారు. బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వాలు అన్నిటినీ తెరవెనక నుంచి వాళ్లే ఆడిస్తున్నారనే అనుమానం ఇందులో కలిసి ఉంటుంది. 1903లో రష్యాలో ఒక పత్రికలో అచ్చయిన 'ప్రోటోకాల్స్' దానికి సాక్ష్యమన్నారు. అది వేరే పుస్తకం చూసి కాపీ కొట్టిన దొంగ పత్రమని 1921లోనే లండన్ టైమ్స్ బయటపెట్టింది. అయినా అరబీతో సహా ఎన్నో భాషల్లోకి పోయింది. ఫోన్లలో వచ్చే ఫార్వర్డుల్లో ఇప్పటికీ ఆ వాసనే.

ఆ అనుమానం ఎక్కడిదాకా పోతుందో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తెలిసింది. 2018 అక్టోబర్ 27, యూదుల ప్రార్థన రోజైన శనివారం. 'ట్రీ ఆఫ్ లైఫ్' సినగాగ్‌లోకి ఒకడు తుపాకీతో వచ్చి 11 మందిని చంపాడు. వాళ్లలో పెద్దావిడకు 97 ఏళ్లు. వాడి కోపం హయాస్ అనే యూదు సంస్థ మీద. రష్యాలో దాడుల నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం పుట్టిన ఆ సంస్థ ఇప్పుడు ముస్లింలతో సహా ఏ మతం శరణార్థులకైనా సాయం చేస్తుంది. బయటివాళ్లను తెచ్చి దేశంలో నింపుతున్నది యూదులేనని వాడి వాదన. అంటే శరణార్థుల మీది ద్వేషానికి ప్రాణాలిచ్చింది ఆ వృద్ధులు.

అమెరికా ముస్లింలు మొదలుపెట్టిన చందా 2 లక్షల డాలర్లు దాటింది. అవసరమైతే సినగాగ్ బయట కాపలాకు నిలబడతామని స్థానిక ఇస్లామిక్ సెంటర్ వాళ్లు చెప్పారు.

ఐదు నెలలు కూడా తిరగలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జుమా వేళ రెండు మస్జిద్‌లపై కాల్పులు. 51 మంది షహీద్ అయ్యారు, వాళ్లలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. తెల్లవాళ్ల స్థానాన్ని వలస వచ్చినవాళ్లు ఆక్రమిస్తున్నారన్న అదే భయం ఆ హంతకుడి రాతల నిండా ఉంది. మర్నాడు శనివారం న్యూజిలాండ్ సినగాగ్‌లు తలుపులు మూసుకున్నాయి. ఈసారి చందాలు పోగు చేసింది పిట్స్‌బర్గ్ యూదులు.

ఇజ్రాయెల్ మాట వచ్చేసరికి యూదుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2016లో వచ్చిన ఐహెచ్ఆర్ఏ నిర్వచనం ఆ దేశంపై విమర్శల్లో కొన్నిటిని ద్వేషం కిందికి తెస్తుంది. అది పాలస్తీనా గురించి మాట్లాడేవాళ్ల నోరు నొక్కుతుందని అభ్యంతరాలు లేచాయి. యూదు పండితులు చాలామంది సంతకం చేసిన 2021 నాటి జెరూసలేం డిక్లరేషన్ ప్రకారం, ఆధారాలతో చేసే విమర్శ గానీ బహిష్కరణ పిలుపు గానీ దానంతటదే యూదు ద్వేషం కాదు. ఒక ప్రభుత్వం చేసిన పనికి ఎక్కడో ఉన్న యూదు కుటుంబాన్ని బాధ్యుల్ని చేస్తే మాత్రం అది ద్వేషమే.

పారిస్‌లో జరిగింది అదే. 2015 జనవరి 9న, ముస్లింలకు హలాల్ ఎలాగో యూదులకు అలాంటి కోషర్ సరుకులమ్మే దుకాణంలో, ఐసిస్ పేరు చెప్పుకున్న ఒకడు నలుగురు యూదులను చంపాడు. అక్కడే పనిచేసే మాలి దేశపు ముస్లిం యువకుడు లస్సానా బాతిలీ కొందరు కస్టమర్లను కింది అంతస్తులోని కోల్డ్ రూమ్‌లో దాచి, తాను బయటపడి పోలీసులకు లోపలి వివరాలు చెప్పాడు. మొదట అతన్నే హంతకుడి మనిషనుకుని బేడీలు వేశారు. ఆ నెలలోనే ఫ్రాన్స్ అతనికి పౌరసత్వం ఇచ్చింది.